పేర్లు చెప్పి లోపలికి రండి

మా పెళ్ళి చర్చిలోనే అయింది. పాస్టరుగారు ఉన్నారు, ఉంగరాలు ఉన్నాయి, మా నాన్న కళ్ళజోడు తీసి తుడుచుకోవడం కూడా ఉంది. అయినా నన్నడిగితే అసలు పెళ్ళి ఆ మర్నాడు ఖరగ్‌పూర్‌లో, నిమ్‌పురా రైల్వే క్వార్టర్ గుమ్మం దగ్గర అయిందంటాను.

బొబ్బిలి నుంచి రాత్రంతా ప్రయాణం చేసి దిగాం. నలిగిన పట్టుచీర, వాడిన పూలు, కాలికి కరిచిన కొత్త చెప్పులు. గుమ్మానికి అడ్డంగా మా ఆడపడుచు ఏంజెలా వదిన రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది. ఆవిడ లోకో షెడ్‌లో టెక్నీషియన్. మా మామగారు జాన్ పాల్ పోయాక ఆయన ఉద్యోగం ఆవిడకి వచ్చింది, క్వార్టర్ కూడా ఆవిడ పేరు మీదే ఉంది. ఇంజన్ల బోల్టులు విప్పే ఆ చేతుల్ని తప్పించుకుని లోపలికి దూరడం నావల్ల అయ్యే పని కాదు.

"పేర్లు చెప్పి లోపలికి రాండి," అంది.

ఈ సరదా మా బొబ్బిలిలోనూ ఉంది. కొత్త జంట ఒకరి పేరు ఒకరు అందరి ముందూ చెబితే గాని ఆడపడుచు దారి వదలదు. మా ఆయన తీతు గబగబా, "నేనూ జెనీ వచ్చినాం" అనేశాడు. నా వంతు వచ్చేసరికి వెనక యార్డులోంచి గూడ్సు బండి కదిలింది.

"నేనూ తీతూ వచ్చాం," అన్నాను.

"వినబళ్ళేదు."

మళ్ళీ అన్నాను.

"ఏటే, మా తమ్ముడి పేరు అంత చిన్నదేటి? వినబళ్ళేదు."

ఈసారి ఊపిరంతా కూడగట్టుకుని అరిచాను. సరిగ్గా అప్పుడే ఆఖరి వ్యాగన్ దాటిపోయింది. నా మొగుడి పేరు ఒక్కసారిగా నిశ్శబ్దమైన వీధిలో ఆ చివరి నుంచి ఈ చివరిదాకా మోగింది. ఎదురు క్వార్టర్ కిటికీలోంచి ఒక బెంగాలీ ఆవిడ తల బయటపెట్టి, "ఎషో, ఎషో!" అంది. రా, రా అని. తన ఇల్లు కాకపోయినా నన్ను లోపలికి రమ్మన్న మొదటి మనిషి ఆవిడే.

అందరూ నవ్వారు. నేను సిగ్గుతో తీతు వైపు చూశాను. అతను నన్ను చూడట్లేదు. తల పైకెత్తి గుమ్మాన్ని చూస్తున్నాడు. కొత్త పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని ద్వారబంధాన్ని ప్రేమగా చూసే మనిషిని చేసుకున్నానని నాకప్పుడే అర్థమైంది.

తీతు శిల్పి. ఇనుముతో బొమ్మలు చేస్తాడు, చేసిన ప్రతిదాన్నీ మోగిస్తాడు. పొద్దున ఒక స్కూల్లో పిల్లలకి డ్రాయింగు చెబుతాడు, మధ్యాహ్నం నుంచి ఝపటాపూర్‌లో రాబిన్ వెల్డింగ్ షాపు వెనక రేకుల షెడ్డులో ఉంటాడు. వేలంలో పాత రైల్వే ఇనుము కొనే దుకాణం నుంచి ముక్కలు తెచ్చుకుంటాడు. వాటిని వేలాడదీసి, కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, కాస్త అరగదీసి, మళ్ళీ కొట్టి వింటాడు. పెళ్ళైన కొత్తలో నాకిచ్చిన మొదటి కానుక ఒక స్ప్రింగు. చీర కొంగుకి కట్టుకుంటే నడిచినప్పుడల్లా సన్నగా పాడేది. అత్తమ్మ చూసి, "సీరకి గంట కట్టుకుని తిరుగుతాదేటి ఈ పిల్ల, మేకపిల్లలాగ" అని నవ్వింది. నేను తియ్యలేదు.

పెళ్ళి సెలవులు అయిన వెంటనే తీతు ఒక ఇనుప గుమ్మం చెయ్యడం మొదలుపెట్టాడు. రెండు పాత రైలుపట్టా ముక్కలు నిలువుగా, పైన అడ్డంగా ఇంకొకటి. తలుపుల బదులు అటొకటి, ఇటొకటి ఛాతీ ఎత్తులో రెండు ఇనుప చేతులు. ఏంజెలా వదిన చేతులే అవి, నేను చూడగానే గుర్తుపట్టాను. పైన ఫిష్ ప్లేట్లు వేలాడుతుంటాయి. ఒక పట్టాని ఇంకో పట్టాతో కలిపి బిగించే ఇనుప పలకలు. ఒక్క చేతినే తోస్తే పాత రైలు బ్రేకు దిమ్మ ఒకటి వచ్చి నిలువు పట్టాకి తగిలి ధబ్‌మంటుంది, దారి మనిషి పట్టేంత తెరుచుకోదు. రెండు చేతుల్నీ ఒకేసారి తోస్తే పలకలు ఒకదానికొకటి తగిలి మోగుతాయి. ఆ మోత ఎలా ఉంటుందంటే, చలికాలం పొద్దున్నే దూరంగా రైలు కూత విని దుప్పట్లో ముడుచుకున్నట్టు ఉంటుంది. ఒక్క మనిషి రెండు చేతుల్నీ అందుకోలేడు. కావాలనే అంత వెడల్పు పెట్టాడు.

"ఇద్దరు కలిసి తొయ్యాల. ఒకరి పేరూ ఊరూ ఇంకొకరు చెప్పాల. అప్పుడే దారి," అన్నాడు.

పలకలకి శ్రుతి కుదిర్చింది మా అత్తగారు సుజాతమ్మ. చర్చి క్వైర్‌ని నడిపేది ఆవిడే. షెడ్డులో స్టూలు మీద కూర్చుని కళ్ళు మూసుకుని, "ఇంకా కిందకి... కిందకి... ఆ, అక్కడ ఆపు" అనేది. తీతు గ్రైండరు ఆపేవాడు. అప్పుడు మరో ఆలోచన వచ్చింది అతనికి. గుమ్మం మోగగానే, లోపలికి వచ్చినవాళ్ళ పేరుని పక్కన నిలబడ్డ క్వైర్ పాడాలి. ఎవరి పేరైనా సరే. ఎక్కడివాళ్ళైనా సరే.

"నన్నెవరూ పాటగా పిలవలేదు ఇంతవరకూ," అన్నాను.

అతను గ్రైండరు కింద పెట్టి, నల్లటి చేతులతోనే, నా పేరు పాడాడు. అపశ్రుతి. అయినా ఆ మధ్యాహ్నమంతా నేను నేల మీద నడవలేదు.

గుమ్మాన్ని ఊళ్ళో జరిగే చలికాలపు కళామేళాలో పెట్టాలని అతని కోరిక. మైదానంలో వేపచెట్ల కింద ఖరగ్‌పూర్ కళాకారుల వరస ఒకటి ఉంటుంది. చిన్నప్పుడు మామగారి భుజాల మీద కూర్చుని ఆ వరస చూసేవాడట. అక్కడ తన పని నిలబడాలి. అంతే, ఇంకేమీ అడగలేదు ఎవరినీ.

మేళాకి ముందురోజు గుమ్మాన్ని విడదీసి టోటో అనే బ్యాటరీ రిక్షాలో వేసుకుని మైదానానికి వెళ్ళాం. కమిటీ కార్యదర్శి మృణాల్ ఘోషాల్ ఎదురొచ్చాడు. మృణాల్‌దా, అంటే మృణాల్ అన్న, నిమ్‌పురాలో పుట్టి పెరిగినవాడు, మా మామగారితో ఫుట్‌బాల్ ఆడినవాడు. తెలుగు మా ఇంట్లోవాళ్ళలాగే మాట్లాడతాడు. నన్ను చూసి, "కొత్త కోడలా? బొబ్బిలి పిల్లా? బాగున్నావేటమ్మా?" అన్నాడు. ఎంత ముచ్చటేసిందో. పక్కనున్న డబ్బాలోంచి తాటిబెల్లం సందేశ్ మిఠాయి ఒకటి తీసి చేతిలో పెట్టాడు. అది నోట్లో కరుగుతుండగానే మమ్మల్ని మైదానం ఆ చివరికి తీసుకెళ్ళాడు.

అక్కడొక పందిరి. మీద బోర్డు. బెంగాలీలో, ఇంగ్లీషులో: అతిథి రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్. పక్కన థర్మాకోల్‌తో చేసిన చార్మినార్.

"అది ఆంధ్రాలో లేదు దాదా," అన్నాను.

"ఇప్పుడేటమ్మా, తీసేయమంటావా? చేసినవాడికి అదే వచ్చు." నవ్వాడు. "తీతూ, నీ గుమ్మం ఇక్కడ నిలబెట్టు. ముందు వరసలో ఇచ్చినాను."

తీతు పందిరి వైపు చూడలేదు. వేపచెట్ల వైపు చూపించాడు. "నాకు అక్కడ కావాల దాదా."

"అది లోకల్ కుర్రాళ్ళకి రా."

"నేను లోకలే కదా."

మృణాల్‌దా తీతు భుజం మీద చెయ్యేశాడు. ఆ చెయ్యి ప్రేమగానే వేశాడు, అదే నాకు ఇప్పటికీ మింగుడుపడదు. "ఎవరు కాదన్నారు? నువ్వు మా లోకలే. కానీ మీకంటూ ఒక రాష్ట్రం ఉంది, భాష ఉంది. మిమ్మల్ని గౌరవంగా అతిథులుగా కూర్చోబెడుతున్నాం. మర్యాద చేస్తే కోపమేటి?"

"మా ముత్తాత వచ్చి ఈ పట్టాలు వేసినాడు దాదా. నేను పుట్టింది ఇక్కడ. నిమ్‌పురా వదిలి పది రోజులు ఎక్కడా ఉండలేదు."

"అవన్నీ ఇప్పుడెందుకు? జాగాలు ఖాయం అయిపోనాయి. ఇష్టమైతే ఈ పందిట్లో పెట్టు. లేదా, గేటు బయట ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో. నేను అడ్డురాను." ఫోను మోగింది. మాట్లాడుతూ వెళ్ళిపోయాడు.

తీతు గుమ్మం ముక్కల్ని బండిలోంచి దించనివ్వలేదు. ప్రేమ్ బజార్‌లో ఎగ్ రోల్ తిందాం పద అన్నాడు. క్యాంపస్ కుర్రాళ్ళ సైకిళ్ళ మధ్య నిలబడి తింటుండగా, నోట్లో రోల్ పెట్టుకునే, "పోనీలే. పందిట్లోనే పెట్టేద్దాం. చూసేవాళ్ళు అక్కడికొచ్చి చూస్తారు" అన్నాడు.

అది మా మొదటి పోట్లాట. పెళ్ళైన కొత్తలో పోట్లాట ఇంత రుచిగా ఉంటుందని ఎవరూ చెప్పలేదు నాకు.

"విశాఖపట్నం ప్రదర్శనలో నీ బొమ్మ పక్కన ఏమని రాశారో చెప్పు," అన్నాను.

"బెంగాలీ శిల్పి అని."

"నువ్వేమన్నావు?"

"నవ్వినాను."

"ఇక్కడ ఆంధ్రా అంటున్నారు. ఇప్పుడూ నవ్వుతావు. అక్కడ ఇక్కడోడివి, ఇక్కడ అక్కడోడివి. మధ్యలో ఎక్కడుంటావు నువ్వు? రైల్లోనా?"

పక్కన సైకిలు మీద కూర్చున్న అబ్బాయికి తెలుగు వచ్చనుకుంటా, తినడం ఆపి మా వైపే చూస్తున్నాడు.

"అయితే ఏటి చెయ్యమంటావు?" తీతు గొంతు పెరిగింది. మొదటిసారి. "కొట్లాడమంటావా? నాన్నతో బంతాట ఆడినోడతను."

"ఆ పందిట్లో పెడితే నీ గుమ్మం గుమ్మం కాదు. చార్మినార్ పక్కన ఇంకో థర్మాకోల్ ముక్క."

అతను నా మొహంలోకి చూశాడు. తర్వాత నా గడ్డం మీద అంటిన సాస్ వేలితో తుడిచాడు. కోపంగానే తుడిచాడు, అయినా తుడిచాడు.

ఇంటికి వచ్చేసరికి శంకరనారాయణ మాష్టారు వరండాలో కూర్చుని ఉన్నారు. తెలుగు బడిలో తీతుకీ వదినకీ అక్షరాలు దిద్దించింది ఆయనే. ఇప్పుడు రిటైరై ఊళ్ళో తెలుగు సంఘం చూస్తున్నారు. పందిరి సంగతి ఆయనకి ముందే తెలుసు, ఆయన అడిగి వేయించుకున్నదేనట.

"ఇన్నేళ్ళకి మన పేరు మీద ఒక పందిరి వేశారయ్యా," అన్నారు. "మా ఇంట్లో కూడా చెప్పాను, ముగ్గు వెయ్యమని. నువ్వు గుమ్మానికి పసుపు పూసి, మామిడాకులు కట్టు. పేర్లు తెలుగులో చెప్పించు. ఎంత బాగుంటుంది!"

"మాష్టారూ, పట్టాకి పసుపేటండి?" అన్నాడు తీతు. "ఆ పందిరి మనది కాదు. సుట్టాలది."

"చుట్టరికం కూడా గౌరవమే నాయనా. బడిలో పిల్లలు తగ్గిపోతున్నారు. ఇలాంటివి కూడా వదులుకుంటే రేపు మన మాట ఎవరికి వినిపిస్తుంది?"

ఆయన మాటలో నిజముంది. అయినా తీతు తల అడ్డంగా ఊపాడు. మాష్టారు మనసు కష్టపెట్టుకుని లేచి వెళ్ళిపోయారు.

ఏంజెలా వదిన డ్యూటీ నుంచి వచ్చి, మసి చేతులు సబ్బుతో రుద్దుకుంటూ జరిగిందంతా విన్నది. "మృణాల్‌దా ఏటన్నాడన్నావు? మళ్ళీ సెప్పు."

"ఇష్టమైతే పందిట్లో పెట్టు, లేదా గేటు బయట ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకో అన్నాడు."

"ఎక్కడ కావాలంటే అక్కడ?"

"అవును."

వదిన పంపు కట్టేసింది. "జెనీ, నువ్వొచ్చిన రోజు గుమ్మంలో ఎవరు నిలబడినారు?"

"నువ్వు."

"నేనే ఎందుకు నిలబడినాను? నువ్వెందుకు నన్ను ఆపలేదు?"

"నువ్వు ఇంటి ఆడపడుచువి కదా. నేను బయటినుంచి వచ్చాను."

"మరి! సుట్టాలు గుమ్మంలో నిలబడి ఇంటోళ్ళని పేరు అడుగుతారేటే? ఇంటోళ్ళే అడుగుతారు. ఒరే తీతూ, గుమ్మం గేటు ముందర పెట్టు. సరిగ్గా మధ్యలో. నేను నిలబడతాను. లోపలికి ఎవడు పోతాడో పేరు సెప్పి పోనీ."

తీతు మొహంలో నవ్వు నెమ్మదిగా మొదలైంది. నాకు తెలిసిన నవ్వు కాదది, విశాఖలో నవ్విన నవ్వు అసలే కాదు.

అత్తమ్మ వంటింట్లోంచి వచ్చింది. "గేటు దగ్గర క్వైర్‌ని నిలబెడతావురా? పాస్టరుగారు ఏటంటారు? దారినపోయే ప్రతివాడి పేరూ పాడతామేటి మేం?"

"పేరు పెట్టి పిలవడమే కదమ్మా."

ఆవిడ గరిటె కొంగుతో తుడిచింది. "తెల్ల సీరలు వద్దు, దుమ్ము," అంది చివరికి. "నీలం రంగువి కట్టుకు రమ్మంటాను."

మర్నాడు మధ్యాహ్నం మేళా మొదలయ్యేసరికి వెదురుబొంగులూ రంగు గుడ్డలూ కట్టిన గేటుకి ఒక్క అడుగు ఇవతల మా ఇనుప గుమ్మం నిలబడి ఉంది. రాబిన్ గుమ్మం కాళ్ళకి అడ్డపట్టీలు వేసి ఇసుక బస్తాలు పెట్టాడు. కాపలావాడు అభ్యంతరం చెప్పబోతే, "గేటు బయటే ఉంది చూడు భయ్యా, కార్యదర్శిగారి మాట" అని తీతు నేల మీద గీత గీసి చూపించాడు. ఒక పక్క నీలం చీరల్లో క్వైర్. గుమ్మంలో ఏంజెలా వదిన, షెడ్ యూనిఫారం మీద శాలువా. ఆవిడ పక్కన నేను. కొంగుకి స్ప్రింగు.

మొదట వచ్చింది ఇద్దరు క్యాంపస్ కుర్రాళ్ళు. వదిన చేతులు చాపింది. నేను నాకొచ్చిన హిందీలో సంగతి చెప్పాను. ఒకడు రెండోవాడి పేరు చెప్పబోయి ఆగిపోయాడు. ఒకే గదిలో ఉంటారు గానీ వాడి అసలు పేరు వీడికి తెలియదట, ముద్దుపేరే తెలుసు. అక్కడే నిలబడి అడిగి తెలుసుకున్నాడు. ఇద్దరూ తోశారు. పలకలు మోగాయి. క్వైర్ ఆ రెండు పేర్లనీ గాలిలోకి ఎత్తి మెల్లగా దింపింది. రెండోవాడు మొహం పక్కకి తిప్పుకున్నాడు. తన పేరు ఎంత అందంగా ఉందో వాడికి ఎవరూ చెప్పి ఉండరు.

ఆ తర్వాత ఒక బెంగాలీ ఆడవాళ్ళ గుంపు వచ్చింది. వదిన చేతులు చూడగానే అందులో పెద్దావిడ, "ఓ మా! గేట్ ధొరా!" అని చప్పట్లు కొట్టింది. వాళ్ళ పెళ్ళిళ్ళలో వరుడు వచ్చినప్పుడు ఆడపిల్లలు ఇలాగే గుమ్మం పట్టుకుంటారట, మిఠాయిలకి బేరం తేలేదాకా లోపలికి వదలరట. ఇంకేం, ఒకరి పేర్లొకరు అరిచి లోపలికి వెళ్ళినవాళ్ళు వెళ్ళినట్టే వెనక్కి తిరిగి వచ్చి వదిన పక్కన నిలబడ్డారు. ఇప్పుడు గుమ్మంలో మేమిద్దరం కాదు, ఒక గోడ ఉంది. మా ఎదురు క్వార్టర్ ఆవిడ కూడా ఎప్పుడొచ్చిందో వచ్చి ఆ గోడలో చేరింది. నన్ను చూసి కన్ను కొట్టింది.

జనం పెరిగారు. వెనక దారి ఉన్నా ఎవరూ అటు పోవట్లేదు.

శంకరనారాయణ మాష్టారు వచ్చారు, వెనకాల భార్య బాలత్రిపురసుందరిగారు, చేతిలో ముగ్గు డబ్బా. మాష్టారు మా మీద కోపంగానే ఉన్నారు. "ఏమిటమ్మా ఈ అల్లరి, దారి వదులు" అన్నారు నాతో.

"పేర్లు చెప్పండి మాష్టారూ."

ఆయన ఎర్రబడ్డారు. ఇన్నేళ్ళ సంసారంలో ఆయన నోట 'ఇదిగో', ఆవిడ నోట 'ఏమండీ' తప్ప ఇంకో మాట ఎవరూ వినలేదు. మేమెవరమూ ఊహించని విధంగా బాలమ్మగారు ముగ్గు డబ్బా నా చేతికిచ్చి, ముందుకొచ్చి ఒక ఇనుప చెయ్యి పట్టుకున్నారు.

"శంకరనారాయణ," అన్నారు, బడిలో హాజరు పిలిచినంత గట్టిగా. "ఖరగ్‌పూర్."

మాష్టారు భార్య వైపు అలా చూస్తూ ఉండిపోయారు. తర్వాత రెండో చెయ్యి పట్టుకున్నారు. "బాలత్రిపురసుందరి," అన్నారు. ఆ పెద్ద పేరులో ఒక్క అక్షరం మింగలేదు. "ఖర... ఖరగ్‌పూరే." ఆవిడ పేరు పాడడానికి క్వైర్‌కి కాస్త ఎక్కువసేపే పట్టింది. లోపలికి వెళ్ళాక ఇద్దరూ తిన్నగా పందిట్లోకి పోలేదు. గేటు లోపల ఒక పక్కన నిలబడ్డారు. బాలమ్మగారు వెనక్కి వచ్చి డబ్బా తీసుకుని, మా గుమ్మం ముందు దుమ్ములోనే ముగ్గు మొదలుపెట్టారు.

అప్పుడు వచ్చాడు మృణాల్‌దా. ముఖ్య అతిథి కారు కొద్దిసేపట్లో వస్తుంది, ఆయన లోపల వేదిక దగ్గరికి పోవాలి. గుమ్మాన్ని చూశాడు, గోడగా నిలబడ్డ ఆడవాళ్ళని చూశాడు.

"తీతూ, ఏటిది?"

"గేటు బయట ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోమన్నారు కదా దాదా."

"నన్ను ఆపడానికి మీరెవరు?"

"ఇంటి ఆడపడుచుని," అంది ఏంజెలా వదిన. చేతులు దించలేదు. "పేరు సెప్పి లోపలికి రా దాదా."

మృణాల్‌దా మాట్లాడకుండా ఒక ఇనుప చెయ్యి పట్టుకుని తోశాడు. ధబ్. ఆడవాళ్ళు కిలకిలా నవ్వారు. భుజం పెట్టి తోశాడు. మళ్ళీ ధబ్. రెండో చెయ్యి అందుకోబోయాడు, అందలేదు. కమిటీవాళ్ళ కోసం వెనక్కి చూశాడు. అందరూ ఎప్పుడో జంటలుగా లోపలికి పోయారు, అటువైపు నిలబడి వినోదం చూస్తున్నారు.

"ఒంటరిగా వచ్చినావా?" అంది వదిన. "తోడు లేనోళ్ళకి ఇంటోళ్ళు తోడొస్తారులే. ఒరే తీతూ."

తీతు వచ్చి రెండో చెయ్యి పట్టుకున్నాడు. ఇద్దరి మధ్యా బారెడు ఖాళీ.

"మృణాల్ ఘోషాల్," అన్నాడు తీతు. "నిమ్‌పురా పాత క్వార్టర్లు. మా నాన్న టీములో గోల్‌కీపరు. ఒక్క బంతి లోపలికి వదిలేవాడు కాదంట."

జనంలో నవ్వు. మృణాల్‌దా పెదవి కూడా కదిలింది. ఇప్పుడు ఆయన వంతు.

"తీతు," అన్నాడు. "ఆంధ్ర..."

తీతు చెయ్యి తీసేశాడు.

ధబ్. ఈసారి ఎవరూ నవ్వలేదు. తీతు రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మొహంలో కోపం లేదు, కదిలే ఉద్దేశం కూడా లేదు. ముఖ్య అతిథి కారు హారన్ రోడ్డు మలుపులో వినిపిస్తోంది.

"మీ భాష..." అన్నాడు మృణాల్‌దా నెమ్మదిగా, మా భాషలోనే.

"భాష కాదు దాదా. ఊరు."

మృణాల్‌దా పట్టుకున్న ఇనుము వైపు చూశాడు. దాని మీద బొటనవేలు ఒకసారి రుద్దాడు. ఏమనుకున్నాడో తెలియదు. రోడ్డు మలుపు వైపు ఒకసారి చూశాడు.

"జాన్ పాల్ కొడుకు తీతు." అంతవరకూ గట్టిగానే అన్నాడు. తర్వాత, "నిమ్‌పురా," అన్నాడు లోపల్లోపల.

మృణాల్‌దా వచ్చినప్పటినుంచీ నేను నోరు మూసుకునే ఉన్నాను. కొత్త కోడల్ని, ఆయన నా చేతిలో సందేశ్ పెట్టిన మనిషి. అయినా ఆ మాట దానంతటదే వచ్చేసింది.

"వినబళ్ళేదు," అన్నాను.

ఏంజెలా వదిన నా వైపు తిరిగి చూసిన చూపు నాకు పెళ్ళిలో వచ్చిన కానుకలన్నిటికన్నా పెద్దది.

"నిమ్‌పురా!" అని అరిచాడు మృణాల్‌దా. "జాన్ పాల్ కొడుకు తీతు, నిమ్‌పురా! వినబడిందా?"

తీతు చెయ్యేశాడు. ఇద్దరూ తోశారు. పలకలు మోగాయి. మా అత్తమ్మ శ్రుతి అందించింది, నీలం చీరల క్వైర్ "మృణాల్ ఘోషాల్" అని నాలుగు గొంతుల్లో ఎత్తుకుంది. పాస్టరుగారికి కూడా అలా పాడరు ఎప్పుడూ. చివర్లో అత్తమ్మ ఒక్కతే కొడుకు పేరు పాడింది, నిమ్‌పురాతో సహా.

గుమ్మం దాటాక మృణాల్‌దా కండువా సర్దుకుని, మళ్ళీ కార్యదర్శి అయిపోయాడు. "బోర్డు మాత్రం ఇప్పుడు మారదు రా. ప్రింటు అయిపోయింది. కావాలంటే కింద చిన్నక్షరాల్లో ఖరగ్‌పూర్ అని రాయిస్తాను, పందిట్లోకి వచ్చెయ్యి."

"మీ బోర్డు మీరే ఉంచుకోండి దాదా," అన్నాడు తీతు. "చార్మినార్ కూడా. వేపచెట్ల కింద జాగా ఇచ్చినరోజు వస్తాను. అందాకా మేం గుమ్మంలోనే ఉంటాం."

అతని చొక్కాకి తుప్పు అంటింది. నాకు ఆ తుప్పునే ముద్దు పెట్టుకోవాలనిపించింది. అత్తమ్మ చూస్తోందని ఊరుకున్నాను.

ముఖ్య అతిథి కారు వెనక దారిన లోపలికి పోయింది, మైదానంలో మైకు ఖర్రుమంది. అనౌన్సరు కాగితం చూసి చదువుతున్నాడు, ఎవరూ అతనికి ఏమీ చెప్పినట్టు లేదు. ఆంధ్ర నుంచి విచ్చేసిన అతిథి శిల్పి తీతు, అని బెంగాలీలో గొప్పగా పిలిచాడు.

ఎదురు క్వార్టర్ ఆవిడ అయ్యో అన్నట్టు నా చెయ్యి పట్టుకుంది. తీతు తల ఎత్తాడు. ఏంజెలా వదిన మాత్రం రోడ్డుకి ఇవతల, గేటు బయట పొగలు కక్కుతున్న టీ బండి వైపు చూసింది.

"ఎంతసేపు మాట్లాడతాడే? గొంతెండితే టీకి బయటికి రాడేటి? మళ్ళీ ఈ గుమ్మంలోంచే కదా లోపలికి పోవాల!" అంది. శాలువా నడుముకి బిగించి కట్టుకుని, మళ్ళీ రెండు చేతులూ బార్లా చాపింది.